ఫిట్స్ ఉన్నవారు డిప్రెషన్ మందు వాడవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. ఇంటర్ చదివే రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి. ఆరు నెలల క్రితం పాత మందు మార్చి లెవెటిరాసిటామ్ ఇచ్చిన తర్వాత ఫిట్స్ రాలేదు. కానీ నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడడం లేదు, చిన్న మాటకే విసుక్కుంటున్నాడు, సరిగా నిద్రపోవడం లేదు. సైకియాట్రిస్టు సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. పెట్టెలోని కాగితంలో మూర్ఛ ఉన్నవారు జాగ్రత్తగా వాడాలని ఉండడంతో అమ్మ వేసుకోనివ్వడం లేదు. ఏం చేయమంటారు? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మగారి భయం అర్థం చేసుకోదగినదే, కానీ డిప్రెషన్ మందులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. వీటిలో నిజంగా దూరంగా ఉండవలసింది బుప్రోపియాన్. రోజుకు 300 మిల్లీగ్రాముల వరకు వాడినప్పుడు సుమారు వెయ్యి మందిలో ఒకరికి, 450కి చేరితే నలుగురికి ఫిట్స్ వచ్చినట్లు లెక్కలున్నాయి. మోతాదు అంతకు మించితే ముప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే ఫిట్స్ ఉన్నవారికి దీన్ని ఇవ్వరు. సిగరెట్లు మానడానికి కూడా ఇదే మందు రాస్తారు కాబట్టి, అలాంటి చికిత్సకు వెళ్లినప్పుడు ఫిట్స్ సంగతి తప్పక చెప్పాలి. క్లోమిప్రమిన్ వంటి కొన్ని పాత మందుల విషయంలోనూ వెనకాడవలసిందే. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్‌లు ఆ కోవలోవి కావు. మామూలు మోతాదులో వీటివల్ల ఫిట్స్ పెరిగే అవకాశం చాలా తక్కువ కనుక, మూర్ఛ ఉన్నవారికి డిప్రెషన్ వస్తే సాధారణంగా మొదట ఆలోచించేది వీటినే. తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం కూడా సరైన పద్ధతే.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లెవెటిరాసిటామ్ మొదలైన కాలం. ఫిట్స్‌ను బాగా అదుపు చేసే ఈ మందు కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. రెండు నెలలకే మనిషి మారిపోయాడంటే, కారణం డిప్రెషన్ ఒక్కటే అనుకోవడానికి ముందు ఈ మాత్రనూ అనుమానించాలి. ఈ తేదీలు కాగితం మీద రాసుకుని న్యూరాలజిస్టును కలవండి. అవసరమనుకుంటే ఆయన మెల్లగా మరో మందుకు మార్చవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు, ఎందుకంటే ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది.

ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించడం చాలా ముఖ్యం. లెవెటిరాసిటామ్‌కు సెర్ట్రాలిన్‌తో చెప్పుకోదగ్గ పేచీ లేదు. అదే ఫిట్స్‌కు ఇచ్చే మరో మందు కార్బమజెపిన్ వాడేవారిలో సెర్ట్రాలిన్ రక్తంలో తగ్గిపోయి సరిగా పనిచేయకపోవచ్చు. పైగా రెండూ కలిసి సోడియంను పడేయవచ్చు, సోడియం బాగా పడిపోతే దానివల్లే ఫిట్స్ వస్తాయి. నొప్పులకు ట్రామడాల్ ఎవరైనా రాస్తే, ఈ మందుల పేర్లు చెప్పి వద్దనండి.

సెర్ట్రాలిన్ గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మొదటి రోజుల్లో వికారం, కంగారు ఉండవచ్చు, నిద్ర మరికాస్త చెదరవచ్చు. నిద్రలేమి ఫిట్స్‌ను రప్పిస్తుంది కాబట్టి ఉదయం వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. సెర్ట్రాలిన్, లెవెటిరాసిటామ్ రెండింటి విషయంలోనూ మొదటి వారాల్లో మనసును కనిపెట్టి ఉండాలి. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంటు రోజు దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.