సింగపూర్ దిగుమతులు దాని జీడీపీని మించిపోతాయి, మరి అది వీక్ ఎకానమీనా?

అమెరికా దిగుమతులు జీడీపీలో 15 శాతం దగ్గర, సింగపూర్‌వి 100 దాటేస్తాయి, అంటే సింగపూరే బలహీనమా అని అడిగారు. కాదండి. నేను బెంగళూరు పీణ్యలో మోటార్ కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న యూనిట్‌లో 11 ఏళ్లుగా పర్చేజ్ చూస్తున్నా, నాకు అర్థమైంది చెప్తాను.

మొదటిది సైజు. టెక్సస్ నుంచి న్యూయార్క్‌కి పోయే సరుకు దిగుమతి లెక్కలోకి రాదు, సింగపూర్‌కి ఊరు దాటి వచ్చేదంతా దిగుమతే. మా పీణ్యనే ఒక దేశం అనుకోండి, మధ్యాహ్నం క్యారియర్‌లో మేం తినే సోనా మసూరి కూడా దిగుమతే అయిపోతుంది. ఇంకోటి, లక్ష రూపాయల సామాను తెప్పించి దానిమీద 20 వేల పని చేసి బయటికి అమ్మితే, దిగుమతి లక్ష, జీడీపీలో చేరేది ఆ 20 వేలే. అలా ఎగుమతి కోసమే తెచ్చుకునే దేశాలకి శాతం 100 దాటడం వింతేం కాదు.

తర్వాత నేలలో ఏముందనేది. మన క్రూడ్ ఆయిల్ 85 శాతం పైనే బయటనుంచి వస్తుంది, దానికి మనం చేయగలిగింది తక్కువే. కానీ వంటనూనె అలా కాదు, మాది అనంతపురం వైపు, నాన్న శెనక్కాయ వేసేవాడు కాబట్టి ఇది నాకు కడుపులో ఉన్న మాట. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక 90ల మొదట్లో దాదాపు మన నూనె మనకే సరిపోయింది, 1994లో పామోలిన్‌కి గేట్లు తెరిచి, తర్వాత డ్యూటీలు తగ్గించుకుంటూ పోయారు, వాడకం కూడా బాగా పెరిగింది, ఇప్పుడు సగానికి పైగా బయటి నూనే. నేల అదే, రైతులూ వాళ్లే, మారింది పాలసీ.

ఇంక నేను అసలు చూడమనేది శాతం కాదు, ఆ సరుకు ఎంతమంది దగ్గర దొరుకుతుందని. మా ప్యానెల్‌లో రేకు డబ్బా, రాగి బస్‌బార్, పౌడర్ కోటింగ్ అన్నీ చుట్టుపక్కల వీధుల్లోనే అయిపోతాయి, లోపల బోర్డు మీద వేలిగోరంత చిప్ ఒక్కటే దిగుమతి. 2021లో అది దొరక్క 40 ప్యానెళ్లు వైరింగ్ అంతా అయిపోయి, మూతలు బిగించకుండా షెడ్‌లో 5 నెలలు నిలబడ్డాయి, ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే బెంగళూరు ఎస్పీ రోడ్‌లో మూడింతలు ఇస్తామన్నా లేదన్నారు, రోజూ వాటి మధ్యలోంచే నడిచి నా టేబుల్ దగ్గరికి వెళ్లేదాన్ని. తర్వాత పట్టుబట్టి వేరే దేశం చిప్ కూడా పట్టేలా బోర్డు మార్పించాను. రెండూ దిగుమతే, కానీ ఒకటి ఆగితే ఇంకోటి ఉంది.