కొననివాళ్లకు బాత్రూమ్ ఇవ్వాలా అని అడిగావు కదా

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కాఫీ షాపు పనులన్నీ అయ్యాయని, బోర్డులు ఒక్కటే మిగిలాయని రాశావు. "బాత్రూమ్ కస్టమర్లకు మాత్రమే" అని ఒకటి, "కొననివారు కూర్చోరాదు" అని ఇంకొకటి చేయిద్దామని నీ పార్ట్‌నర్ పట్టుబడుతున్నాడట. నీకేమో మనసొప్పడం లేదు, ఆయన చెప్పే లెక్కలకు జవాబూ దొరకడం లేదు. ఇన్నేళ్లు కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందు ఆ రెండు బోర్డులనూ విడదియ్యి తల్లీ. కుర్చీ నువ్వు అమ్మే సరుకులో భాగం. కాఫీతో పాటు కాసేపు కూర్చునే చోటు కూడా అమ్ముతున్నావు. రద్దీ వేళ ఒక కుర్చీ తగ్గితే ఒక బేరం తప్పిపోతుంది. బాత్రూమ్ సంగతి అలా కాదు, దాన్ని ఎవరూ సరదాకి అడగరు. గర్భిణి, షుగర్ ఉన్న మనిషి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయన, పసిపిల్లతో వచ్చిన తల్లి, రోజంతా బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడు, నెలసరి అనుకోకుండా వచ్చేసిన అమ్మాయి. వీళ్లు లోపలికి రావడం వల్ల నీకు పోయే బేరం ఏమీ లేదు. అయ్యే ఖర్చల్లా నీళ్లు, సబ్బు, పేపరు, కడిగే మనిషి సమయం. కాబట్టి బాత్రూమ్ అడిగినవాళ్లందరికీ ఇవ్వు. కుర్చీకి మాత్రం రద్దీని బట్టి రూలు పెట్టుకో.

"ఏదో ఒకటి కొని వెళ్లొచ్చు కదా" అని నీ పార్ట్‌నర్ అంటాడు. చేతిలో డబ్బు లేనివాళ్లకు ఆ మాట తలుపు మూసెయ్యడంతో సమానం. డబ్బున్నా కొన్ని జబ్బుల్లో లైన్లో నిలబడే వ్యవధి ఉండదు. పేగులకు వచ్చే క్రోన్స్ జబ్బు ఉన్న ఒక 14 ఏళ్ల అమ్మాయికి అమెరికాలో ఒక షాపువాళ్లు బాత్రూమ్ ఇవ్వలేదు. ఆ అవమానం తర్వాత ఆమె, వాళ్లమ్మ కలిసి పోరాడితే 2005లో ఇల్లినాయిస్ రాష్ట్రం చట్టం చేసింది. అలాంటి జబ్బున్నవాళ్లు అడిగితే, కొన్ని షరతులకు లోబడి, సిబ్బంది వాడుకునే టాయిలెట్ అయినా సరే తెరవాలని అందులో ఉంది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. నిన్ను అడిగే మనిషికి ఏ జబ్బుందో మొహం చూసి నువ్వు చెప్పలేవు, కాగితం చూపించమని అడగనూ కూడదు.

మొహం చూసి నిర్ణయించడం అన్నది అసలైన ప్రమాదం. 2018 ఏప్రిల్ 12న ఫిలడెల్ఫియాలో ఒక స్టార్‌బక్స్ షాపులో ఇద్దరు నల్లజాతి యువకులు పని మీద ఒకరిని కలవడానికి వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకరు బాత్రూమ్ అడిగితే, ఏమీ కొనలేదు కాబట్టి కుదరదన్నారు. కాసేపటికే మేనేజర్ పోలీసులకు ఫోన్ చేసింది. ఇద్దరికీ బేడీలు వేసి తీసుకెళ్లారు. చివరికి వాళ్ల మీద కేసేమీ పెట్టలేదు. రూలు ఉన్నా దాన్ని ఎవరి మీద వాడాలన్నది కౌంటర్‌లో ఉన్న మనిషికి వదిలేస్తే, ఆ మనిషి మనసులో ఉన్న భయాలే రూలుగా మారతాయి. మంచి బట్టలు వేసుకున్నవాళ్లను మన కుర్రాళ్లు ఎవరూ ఆపరు. చెమట పట్టినవాళ్లను ఆపుతారు. అందుకే ఆ నిర్ణయం వాళ్లకు వదలకు. నువ్వే రాసి పెట్టు, అందరికీ ఒకటే.

ఆ సంఘటన తర్వాత ఆ కంపెనీ కొన్నా కొనకపోయినా ఎవరైనా కూర్చోవచ్చు, బాత్రూమ్ వాడుకోవచ్చు అంది. ఒక మధ్యాహ్నం అమెరికాలో 8,000కు పైగా షాపులు మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. 2022లో మాత్రం భద్రత సమస్యలని చెప్పి 16 షాపులు మూసేసింది. 2025 జనవరి 27 నుంచి ఉత్తర అమెరికా షాపుల్లో కూర్చోవడానికైనా బాత్రూమ్‌కైనా కొనాల్సిందే అని రూలు మార్చింది. "చూశావా, అంత పెద్ద కంపెనీయే వెనక్కి తగ్గింది" అని నీ పార్ట్‌నర్ ఇది తప్పకుండా ఎత్తుతాడు. నాకు కనిపించేది వేరు. వాళ్లు రెండుసార్లూ కుర్చీని, బాత్రూమ్‌ను ఒకే రూలు కింద కట్టారు. మొదట రెండూ తెరిచారు, తర్వాత రెండూ మూశారు. నువ్వు అలా కట్టాల్సిన అవసరం లేదు.

ఇక నిజంగా కష్టమైన విషయం కడిగే మనిషి. జాలి చూపించేది నువ్వు, చీపురు పట్టేది ఇంకొకరు. అది న్యాయం కాదు. బాత్రూమ్ అందరికీ తెరిస్తే, కాఫీ కలిపే పిల్లాడినే మధ్యలో పరుగెత్తి కడగమనకు. ఆ పనికి విడిగా గంటలు, విడిగా జీతం పెట్టు. అద్దె, కరెంటు బిల్లు రాసే చోటే ఆ ఖర్చూ రాసుకో, అప్పుడు అది భారం అనిపించదు. మందపాటి గ్లౌజులు, మూత ఉన్న చెత్తబుట్ట, ప్యాడ్లు వేయడానికి విడిగా ఇంకో బుట్ట, తలుపు వెనక బ్యాగు తగిలించుకునే కొక్కెం ఉండాలి. వాడేసిన ఇంజెక్షన్ సూదులు కనబడే ప్రాంతమైతే వాటిని వేసే గట్టి డబ్బా ఒకటి గోడకు బిగించు. వాటిని చేత్తో తీయమని ఎవరికీ చెప్పొద్దు. పనులన్నీ అయ్యాయన్నావు గానీ, ఈ ఒక్క మార్పు మాత్రం చేయించు: తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటి నుంచి కూడా తీయగలగాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్ల శరీరమే అడ్డం పడుతుంది.

బిల్లు మీద ముద్రించిన కోడ్ నొక్కితేనే తెరుచుకునే తాళాలు పెట్టించకు. అవి అవసరం ఉన్నవాళ్లనే ఆపుతాయి. తాళం చెవి కౌంటర్ దగ్గర పెట్టి, అడిగినవాళ్లకు ఇస్తే చాలు. లోపల ఎవరున్నారో మీకు తెలుస్తుంది, ఎక్కువసేపు బయటికి రాకపోతే తలుపు తట్టి ఎలా ఉన్నారని అడగొచ్చు.

కుర్చీల విషయంలో నాకంత పట్టింపు లేదు. ఖాళీగా ఉన్నంతసేపు ఎవరు కూర్చున్నా నీకు నష్టం లేదు, ఖాళీ షాపు కంటే మనుషులున్న షాపులోకే కొత్తవాళ్లు వస్తారు. లైను పెరిగినప్పుడు మాత్రం ఇంతసేపే అని గడువు పెట్టు. అయితే ఆ గడువు ఏమీ కొననివాళ్లకే కాదు. పొద్దున ఒక కాఫీ కొని ల్యాప్‌టాప్ తెరిచి మధ్యాహ్నం దాకా లేవని పెద్దమనిషి, ఎవరికోసమో పది నిమిషాలు ఎదురుచూసే ముసలావిడ కంటే నీ కుర్చీని ఎక్కువ తిన్నాడు. లేపాల్సి వస్తే ఇద్దర్నీ లేపాలి, ఆయనతో మొదలుపెట్టి.

అడిగే తీరు ముందే నేర్పించు. "ఏమైనా కొంటున్నారా?" అన్న ప్రశ్నలో గెంటివేత ఉంటుంది. "లైను పెరిగిందండీ, ఇంకో పది నిమిషాల్లో ఈ టేబుల్ కావాలి" అంటే ఎవరికీ అవమానం ఉండదు. పోలీసులకు ఫోన్ చేయాల్సింది ఎవరైనా కొట్టడానికో బెదిరించడానికో దిగినప్పుడే. ఊరికే కూర్చున్నందుకు కాదు. ఈ మాట సిబ్బందికి కాగితం మీదే ఇవ్వు.

ఇంకొకటి, భారమంతా నువ్వే మోయాలని లేదు. జర్మనీలో ఆలెన్ అనే పట్టణంలో మొదలైన ఒక పద్ధతి చాలా ఊళ్లకు పాకింది. షాపులవాళ్లు తలుపు మీద ఒక స్టిక్కర్ అంటించి బాత్రూమ్ అందరికీ తెరుస్తారు, అందుకు మున్సిపాలిటీ వాళ్లకు కొంత డబ్బు ఇస్తుంది. మీ దగ్గర అలాంటిది ఉందేమో కనుక్కో. లేకపోతే చుట్టుపక్కల షాపులవాళ్లను కలుపుకుని అడుగు. పబ్లిక్ టాయిలెట్లు కట్టి శుభ్రంగా ఉంచడం ఊరి బాధ్యతే. అది జరిగేదాకా అవసరం మాత్రం ఆగదు.

ఆ రెండు బోర్డులూ ఆపించు. బదులుగా ఒకటే రాయించు: "బాత్రూమ్ అందరికీ. తాళం చెవి కౌంటర్‌లో అడగండి." రాయించే ముందు కడిగే మనిషిని కూర్చోబెట్టి, ఎన్ని గంటలు కావాలో, ఏమేం సామాను కావాలో అడిగి తెలుసుకో. ఆ లెక్క నాకు పంపితే, నీ పార్ట్‌నర్‌తో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ