మరిషిన్‌కు వీసా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదట ఏకబిగిన చదివాను, తర్వాత పెన్సిలు పట్టుకుని చదివాను. గీతలు ఎక్కువ పడ్డాయని బెంగ పెట్టుకోకు. పనికిరాని కథ మీద నేను పెన్సిలు అరగదీయను.

నువ్వెంచుకున్న మనిషి మామూలువాడు కాడు. పోలెండులో లోడ్జ్ నగరం, అక్కడివాళ్ళ నోట వూచ్. ఆ నగరంలో బలూతీ అనే పేదల పేట. 1940 ఏప్రిల్ 30న జర్మన్లు ఆ పేటను కంచెతో బిగించి ఘెటో చేసేశారు, అంటే యూదుల్ని బంధించిన వాడ. నాలుగు చదరపు కిలోమీటర్ల చోటులో లక్షా అరవై వేలమందికి పైగా యూదులు. వాళ్ళ మధ్య వీధిలో నిలబడి, వాళ్ళ వాడుక భాష యిద్దిష్‌లో పాటలు కట్టి పాడినవాడు యాంకెలె హెర్ష్‌కోవిచ్. నువ్వు పేరు మార్చావు గాని, ఆ కాలం సంగతులు కాస్త చదివినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

మొదటి గీత మొదటి వాక్యం మీదే పడింది. "ఆ వాడలో ఒక పిచ్చివాడుండేవాడు" అన్నావు. ఆ మాటతో నీ పని సులువైపోయింది, అతని పని మాయమైపోయింది. అతను దర్జీ. 1910లో ఒపాటూఫ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. సూది పట్టిన చెయ్యి అది. ఘెటోలో ఆ చేతికి పని దొరకని రోజులున్నాయి, దొరికినా కడుపు నిండని రోజులున్నాయి. పాట అతనికి కూలి. వింత మనిషేనా అంటే, అవును, వింత మనిషే. అందరూ తలవంచుకుని నడిచే వీధిలో నిలబడి, ఆ వీధిని ఏలేవాడి పేరు పెట్టి గొంతెత్తి పాడినవాడు వింతగానే కనిపిస్తాడు. కానీ జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ నోటు తీస్తారో అతనికి తెలుసు. అది తెలిసినవాణ్ణి నేను పిచ్చివాడనను. మన వృత్తివాడే అంటాను.

నోటు అన్నాను చూడు, అక్కడ రెండో గీత. నీ కథలో అతని టోపీలో నాణేలు గలగలమన్నాయి. ఆ గలగల నువ్వు విన్నది కాదు, ఎక్కడో చదివింది. ఘెటోలో అడుగు పెట్టగానే జర్మన్ మార్కులు లాగేసుకుని చేతిలో పెట్టినవి ఆ కంచె లోపల మాత్రమే చెల్లే కాగితాలు. యాభై ఫెన్నిగ్‌ల నోటు నుంచి యాభై మార్కుల నోటు దాకా ఉండేవి. లోహపు నాణేలు వచ్చింది 1942లోనూ ఆ తర్వాతా. కాబట్టి నీ కథాకాలంలో టోపీలో పడేది చప్పుడు లేని కాగితం. ఇప్పుడు ఆ కాగితాన్ని దగ్గరగా చూడు. దాని మీద ఉన్నది యూదుల పెద్దగా జర్మన్లు కూర్చోబెట్టిన మోర్దెఖాయ్ ఖాయిం రుమ్‌కోవ్‌స్కీ సంతకం. జనం ఆ నోట్లను రుమ్‌కీలు, ఖాయిమ్‌కీలు అని వెక్కిరించేవారు. పాట ఖాయిం మీద, పడిన నోటు ఖాయిమ్‌కీ, దాని మీద సంతకం ఖాయింది. నాణేల గలగల కావాలా, ఇది కావాలా? నువ్వే చెప్పు.

ఇక ఆ పాట సంగతి. దాన్ని నువ్వు "నిరసన గీతం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. పాట నడక చూడు. ఖాయిం అంటే వాళ్ళ భాషలో జీవితం. పాటలో ముగ్గురు ఖాయింలు వస్తారు. ఒకరు యూదు నాయకుడు ఖాయిం వైజ్‌మన్. రెండోవాడు శ్మశానపు ఖాయిం. వాళ్ళు శ్మశానాన్ని జీవితపు ఇల్లు అంటారు, మనం దీపం ఆరిందనలేక కొండెక్కిందన్నట్టు. ఈ రెండో ఖాయిం మృత్యుదూతతో వ్యాపారం కుదుర్చుకున్నాడు, సరుకు రాత్రీ పగలూ వెళుతూనే ఉంది. మూడోవాడు రుమ్‌కోవ్‌స్కీ. మనకు తవుడిస్తాడు, బార్లీ నూకలిస్తాడు, మన్నా ఇస్తాడు. తవుడు అన్నమాట అక్కడ క్లాయెన్, ఖాయింకు అచ్చమైన ప్రాస. పొగిడినట్టే ఉంటుంది, తవుడు పెట్టేవాణ్ణి పొగిడితే అదేం పొగడ్త?

మన్నా దగ్గర ఇంకో చమత్కారముంది. పూర్వం ఎడారిలో దేవుడు యూదులకు కురిపించిన ఆహారాన్ని వాళ్ళు మన్ అంటారు. యిద్దిష్‌లో మన్ అంటే మొగుడు కూడా. అప్పట్లో యూదులు ఎడారిలో మన్ తిన్నారు, ఇప్పుడు ప్రతి పెళ్ళామూ తన మన్‌నే తింటోంది, అని పాట. మొగుడి వాటా రొట్టె తిందో, మొగుణ్ణే తిందో పాట చెప్పదు. ఇక్కడ నువ్వు "మొగుణ్ణి మింగేసింది" అని అనువదించావు. పలుకుబడి కుదిరిందని సంబరపడి ఉంటావు, నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. కొట్టేయాలి. మన భాషలో ఆ మాట భర్త పోయిన ఆడదాని మీద ఊరు విసిరే రాయి. అక్కడ ఆకలిని చూసి నవ్వారు, ఆడదాన్ని చూసి కాదు. తెలుగులో శ్లేష దొరకకపోతే దొరకలేదని ఒప్పుకుని, ఇది వాళ్ళ భాషలో రెండర్థాల మాట అని కథలో ఒక పాత్ర చేత చెప్పించు. చెప్పేవాడు ఒక పిల్లవాడైతే బాగుంటుంది. పిల్లలకు శ్లేష విప్పి చెప్పడం ఇష్టం.

ఆ పాట ఎంత పాకిందంటే, ఘెటో దినచర్యలోకి ఎక్కింది. అది రుమ్‌కోవ్‌స్కీ పాలనలోనే ఒక విభాగం వాళ్ళు 1941 జనవరి నుంచి 1944 జులై దాకా రోజువారీగా రాసిపెట్టిన రికార్డు. అందులో 1941 డిసెంబర్ 5న మన పాటగాడు కనిపిస్తాడు. పాటే అతనికి జీవనాధారమైందనీ, పెద్దాయన తానే అయిదు మార్కులిచ్చాడనీ, పండగ ముందు మరోసారి పులియని రొట్టెల పొట్లం ఇచ్చాడనీ ఉంది. నువ్వు దీన్ని వాడుకోలేదు. బహుశా నీ నిరసన గీతానికి ఇది అడ్డం వచ్చి ఉంటుంది. నిజమే, ఆ దినచర్య రాసినవాళ్ళు రుమ్‌కోవ్‌స్కీ కింద పనిచేసేవాళ్ళు, అతని ఉదారత గురించి ఒక మాట ఎక్కువే రాస్తారు. అయినా ఆ దృశ్యం వదలకు. గుర్రపు బండిలో తిరిగే తెల్లజుట్టు మనిషి, తనను వెక్కిరించే పాట విని, తన సంతకమున్న నోటు తీసి ఇవ్వడం. తీసుకున్నవాడు ఏ ముఖం పెట్టాడు? నీ కథ గుండె అక్కడుంది. నువ్వు దాని పక్క నుంచి నడిచి వెళ్ళిపోయావు.

ఆ తేదీ ఇంకోసారి చదువు. డిసెంబర్ 5. మూడు రోజుల తర్వాత, డిసెంబర్ 8న, ఆ నగరానికి అంత దూరం కాని ఖెల్మ్‌నోలో విషవాయువుతో మనుషుల్ని చంపడం మొదలైంది. లోడ్జ్ ఘెటో నుంచి అక్కడికి రైళ్ళు కదిలింది 1942 జనవరి 16 నుంచి. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు. పాట వింటూ నిలబడిన ఒక్కరికీ తెలియదు. కానీ నీ కథలో వినేవాళ్ళందరి కళ్ళల్లో "రాబోయే మృత్యువు నీడలు" కదిలాయి. వాళ్ళ కళ్ళల్లో కదిలింది సాయంత్రం ఏం వండాలన్న దిగులు. నీకు తెలిసినదాన్ని వాళ్ళ కళ్ళల్లో పెట్టే హక్కు నీకు లేదు. ఆ పేజీ మొత్తం గీత పెట్టాను, క్షమించు.

ఆ 1941 శరదృతువులోనే వియన్నా, ప్రాగ్, బెర్లిన్ లాంటి నగరాల నుంచి దాదాపు ఇరవై వేలమంది యూదుల్ని తెచ్చి ఈ కంచెలో కూరారు. మంచి కోట్లు, తోలు సంచులు, సార్ అని పిలిపించుకునే అలవాటు. బలూతీ జనానికి వీళ్ళు యెకెలు, అంటే జర్మన్ మాట్లాడే యూదులకు వెక్కిరింపు పేరు. వెంటనే పాట పుట్టింది: తోలు సంచి పట్టుకుని యెకె వెళ్తున్నాడు, వెన్న వెతుకుతున్నాడు, మార్గరిన్ వెతుకుతున్నాడు, ఏదీ దొరకలేదు, సరే మరిషిన్‌కు వీసా తీసుకుంటాడు. మరిషిన్ అంటే ఘెటో అంచున శ్మశానం ఉన్న చోటు. ఈ పాట నువ్వు వదిలేశావు, బాధితులు బాధితుల్ని ఎగతాళి చేయడం నీకు నచ్చక. ఇరుకు పేటల్లో నీకు నచ్చనివి చాలా జరుగుతాయి. ఆకలితో ఉన్నవాడు తనకంటే బాగా బతికివచ్చినవాడి ఆకలి చూసి నవ్వుతాడు. రాయి. వీసా అన్నమాట మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు, చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేసిన కుటుంబాలు మనవి. ఆ మాట దగ్గర వాళ్ళు నవ్వుతారు, మరిషిన్ ఏమిటో తెలిశాక ఆగిపోతారు. ఆ వీధిలో మాత్రం ఎవరూ ఆగి ఉండరు.

ఒక చిన్న పొరపాటు. నీ పాటగాడు గంతులేస్తూ "అందరూ సమానమే!" అని అరుస్తాడు. అది వార్సా ఘెటోలోని రూబిన్‌స్టైన్ కేక, "అలె గ్లాయ్‌ఖ్!" చింకిబట్టలతో ఎగిరెగిరి అరిచేవాడు. దుకాణం ముందు నిలబడి, ఏదైనా పెట్టకపోతే హిట్లర్‌ను గట్టిగా తిట్టడం మొదలుపెడతానని బెదిరించేవాడట. తిట్టింది ఇతనైనా జర్మన్ల చేతిలో పోయేది దుకాణదారు. వాడి తెలివి వాడిది, వాడి ఊరు వేరు. ఇద్దరినీ కలిపి ఒక "ఘెటో విదూషకుణ్ణి" తయారుచేస్తే ఇద్దరూ పోతారు. రూబిన్‌స్టైన్ మీద ఇంకో కథ రాసుకో.

నేను ఒకసారి ఆ నగరానికి వెళ్ళాను. జ్గియెర్‌స్కా వీధిలో ఇప్పటికీ ట్రాములు నడుస్తున్నాయి. అప్పుడూ నడిచేవి. వీధి బయటివాళ్ళది, రెండు వైపులా ఘెటో, ఇటువాళ్ళు అటు వెళ్ళాలంటే పైన కట్టిన కొయ్య వంతెన ఎక్కి దిగాలి. వంతెన ఇప్పుడు లేదు, పక్కనే ఎర్ర ఇటుకల చర్చి ఉంది. ఆ చర్చిలో అప్పట్లో యూదుల దుప్పట్లూ దిళ్ళూ చింపి ఈకలు ఏరించేవారు. నేను చర్చి మెట్ల దగ్గర నిలబడి పాటగాడి కోసం పెద్దగా ఏదో అనుభూతి చెందాలని ప్రయత్నించాను. ఏమీ రాలేదు. ట్రాము రొద ఎక్కువగా ఉంది. ఇంత రొదలో వీధి పాటగాడి మాట వినబడాలంటే పాదాలు పొట్టిగా ఉండాలి, ప్రాస గట్టిగా కొట్టాలి, పల్లవి మాటిమాటికీ రావాలి అని మాత్రం అనిపించింది. క్లాయెన్, ఖాయిం ఎందుకో అప్పుడు అర్థమైంది. నీ కథలో అతను పాడేవి నాలుగేసి పంక్తుల వాక్యాలు. ట్రాము వెళ్ళేలోపు జనం వెళ్ళిపోతారు.

చివరిది, అన్నిటికంటే పెద్దది. నీ కథలో అతన్ని చంపేశావు. పాడుతూ పాడుతూ తుపాకీ గుండుకు కూలిపోయాడు. చదివేవాళ్ళకు కన్నీళ్ళొస్తాయి, కాదనను. కానీ అతను అలా చావలేదు. 1942 సెప్టెంబర్ వచ్చింది, పదేళ్ళలోపు పిల్లల్నీ ముసలివాళ్ళనూ అప్పగించమని రుమ్‌కోవ్‌స్కీ జనాన్ని అడిగిన నెల అది. అప్పుడూ ఇతను ఉన్నాడు. 1944 ఆగస్టులో ఘెటో ఖాళీ చేసి దాదాపు అందర్నీ ఆష్విట్జ్ మరణశిబిరానికి తోలారు. రుమ్‌కోవ్‌స్కీ అక్కడే పోయాడు. ఇతను బతికాడు. యుద్ధమయ్యాక అదే ఊరికి తిరిగి వచ్చాడు. మిగిలిన యూదులు విడతలు విడతలుగా పోలెండు వదిలిపోతుంటే 1972లో అదే ఊళ్ళో కన్నుమూశాడు.

పాటలు మాత్రం వేరే దారిన బతికాయి. 1980లలో గిలా ఫ్లామ్ అనే సంగీత పరిశోధకురాలు ఆ ఘెటో నుంచి బతికి బయటపడినవాళ్ళను వెతికి పట్టుకుని పాడించి రికార్డు చేసింది. వాళ్ళు ఆ వీధిలో అప్పుడు కుర్రవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత తవుడూ, నూకలూ, మన్నా వరుస తప్పకుండా పాడారు. నువ్వు చివరి దృశ్యం ఇక్కడ పెట్టుకుంటావో, యుద్ధం తర్వాత ఆ ఊరి వీధిలో నడిచే ముసలి దర్జీ దగ్గర పెట్టుకుంటావో నీ ఇష్టం. నాకు రెండోదే ఆశగా ఉంది. తన పాట తెలిసిన వీధిలో, ఆ పాట తెలిసిన మనుషులు లేని వీధిలో, అతను సంతకు వెళ్ళి ఏం కొనుక్కుంటాడు?

గీతలు పెట్టిన కాగితాలు వేరే కవరులో పంపుతున్నాను. పదకొండో పేజీలో పిల్లవాడు పాటగాడి వెనకే నడుస్తూ అతని బూటు కుట్టు విప్పుకుందని గమనిస్తాడే, దర్జీ బూటు, ఆ వాక్యం జోలికి మాత్రం వెళ్ళకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి