గుండె లయ సరయ్యాక రక్తం పలచబడే మాత్ర మానేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారికి 68 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. ఆర్నెల్ల కిందట ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, గుండె పై గదులు లయ తప్పి వణకడం) అన్నారు. మందులతో నాడి మామూలుగా కొట్టుకుంటోంది, చివరి రెండు ఈసీజీలూ నార్మల్. అయినా డాక్టరు రక్తం పలచబడే మాత్ర అపిక్సబాన్ పొద్దునా రాత్రీ వేసుకోవాల్సిందే అంటున్నారు. చిగుళ్ల నుంచి అప్పుడప్పుడు రక్తం వస్తోంది కాబట్టి అది ఆపేసి ఆస్పిరిన్‌తో సరిపెట్టొచ్చా, లేదా అబ్లేషన్ (ఏఎఫ్‌ని రేపే సంకేతాల దారి మూసేసే చికిత్స) చేయిస్తే మాత్రల గొడవ పోతుందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను, బ్యాంకులో పనిచేస్తాను. కానీ సరిగ్గా ఇదే ఆలోచన మా నాన్న చేశారు, ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట అనకుండా. అందుకే జవాబు కాస్త పొడుగైంది.

నాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక తెనాలి పక్కన మా ఊళ్లోనే ఉంటున్నారు. 71వ ఏట గుండెదడ అని చూపించుకుంటే ఏఎఫ్ బయటపడింది. లయ సరిచేయడానికి అమియోడరోన్, గడ్డలు కట్టకుండా అపిక్సబాన్ రాశారు. బీపీ మాత్ర ఎలాగూ ఉంది. రెండు నెలల్లో దడ పోయింది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఈసీజీ తీసే వాచీ ఒకటి పంపాడు. బొత్తాం మీద ముప్ఫై సెకన్లు వేలు ఉంచితే లయ ఎలా ఉందో చెప్పేస్తుంది. ఆయనకి ఇక పండగే. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి గళ్లు కొట్టారు. తేదీ, టైము, నాడి ఎంత, చివర్లో 'సై.రి.', అంటే సైనస్ రిథమ్, మామూలు లయ. 46 రోజులు వరసగా సై.రి., సై.రి.

47వ రోజున అపిక్సబాన్ మానేశారు. ఆయన లెక్క ఏంటంటే, లయ తప్పితే గడ్డ కడుతుంది, లయ తప్పట్లేదు, కాబట్టి గడ్డ కట్టదు. పైగా బ్రష్ చేస్తే ఎర్రగా వస్తోంది. రామాలయం అరుగు మీద స్టెంట్ వేయించుకున్న స్నేహితుడొకాయన 'గుండెకి ఆస్పిరిన్ చాలు మాస్టారూ' అన్నాడట. సరే అని అది మొదలుపెట్టారు.

పంతొమ్మిది రోజులు గడిచాయి. పొద్దున్నే ఐదూ నలభైకి పేపరు చదువుతుంటే కుడిచేతిలోంచి జారిపోయింది. అమ్మ కాఫీ తెచ్చేసరికి మూతి ఓ పక్కకి పోయింది, మాట ముద్దగా వస్తోంది. మేం చేసిన తప్పు, దగ్గర్లో ఉందని ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లడం. అక్కడ సీటీ మెషిన్ ఉంది, తీసే మనిషి మాత్రం ఎనిమిదింటికి వస్తాడన్నారు. అరగంట అక్కడే పోయింది. అక్కణ్నించి గుంటూరు తీసుకెళ్లాం.

గుంటూరులో సీటీ తీసి, రక్తస్రావం కాదు, గడ్డ అడ్డుపడిందని తేల్చారు. వెంటనే అడిగిన ప్రశ్న: 'రక్తం పలచబడే మందు చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు?' అమ్మ 'రోజూ వేసుకుంటారు, రాత్రి కూడా వేసుకున్నారు' అంది. ఆమెకి తెలిసింది అంతే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. కానీ అపిక్సబాన్‌లాంటిది 48 గంటల్లోపు వేసుకుని ఉంటే మెదడులో రక్తం కారుతుందనే భయంతో మామూలుగా ఇవ్వరు. నాకు ఎందుకో అనుమానం వచ్చి, ఇంటి దగ్గరున్న పిన్నికి ఫోన్ చేసి నోట్‌బుక్ తీయమన్నాను. ఆమె చదివింది: 'నేటి నుండి అపిక్సబాన్ నిలుపుదల. కారణం: సై.రి. 46 రోజులు.' తేదీ, సంతకం కూడా ఉన్నాయి. రక్తపరీక్షలు కూడా చూసుకుని 8:50కి ఇంజెక్షన్ ఇచ్చారు.

చేయి నెమ్మదిగా తిరిగొచ్చింది. మాట రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ తొమ్మిదుల ఎక్కం మధ్యలో ఆగిపోతారు, అది ఆయనకి మహా అవమానం.

ఇంతకీ ఆ లెక్కలో తప్పెక్కడ? డిశ్చార్జి రోజున న్యూరాలజిస్టు చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి చెబుతాను. గుండె ఎడమ పై గది (కర్ణిక) పక్కన చిన్న సంచిలాంటి మూల ఒకటుంటుంది. పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటే అక్కడ రక్తం నిలిచిపోతుంది. కాలవ పారినంతసేపు నీళ్లు బాగానే ఉంటాయి, మూల మడుగులో నిలిస్తే నాచు పడుతుంది కదా, అలాంటిదే. వాల్వు జబ్బు లేని ఏఎఫ్‌లో దొరికే గడ్డల్లో దాదాపు నూటికి తొంభై ఆ మూలలోనే ఉంటాయి. అక్కడ్నుంచి ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. వాచీ చూసేది రోజుకి ముప్ఫై సెకన్లు. మిగతా 23 గంటల 59 నిమిషాల 30 సెకన్ల సంగతి దానికి తెలీదు. దడ అనిపించకుండానే ఏఎఫ్ వచ్చి పోతుంటుంది, ముఖ్యంగా లయ మందులు వాడుతున్నవాళ్లలో. అదీగాక, ఏళ్ల తరబడి బీపీతో సాగి, గట్టిపడ్డ కర్ణిక గోడ లయ సరైనంత మాత్రాన కొత్తదైపోదు.

ఇది ఎవరి అభిప్రాయమో కాదు, పెద్ద పరిశోధనలోనే బయటపడింది. 2002లో వచ్చిన అఫర్మ్ అనే అధ్యయనంలో 4,060 మందిని రెండు గుంపులు చేశారు. ఒకరికి లయ సరిచేసే మందులు, ఇంకొకరికి లయ ఎలా ఉన్నా నాడి వేగం తగ్గించే మందులు. లయ నిలబడినవాళ్లకి రక్తం పలచబడే పాత మందు వార్ఫరిన్ ఆపడానికి డాక్టర్లకి వీలిచ్చారు. మరణాలు తగ్గించడంలో లయ గుంపుకి ఏ లాభమూ రాలేదు. ఇక పక్షవాతాలు చూస్తే, రెండు గుంపుల్లోనూ ఎక్కువ భాగం వార్ఫరిన్ ఆపేసినవాళ్లకో, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే అంకె) 2 కంటే తక్కువ ఉన్నవాళ్లకో వచ్చాయి. అంటే మా నాన్న చేసిన ప్రయోగాన్ని అప్పటికే వేలమంది మీద చేసి చూసేశారు.

మీరు అనొచ్చు, 2020లో ఈస్ట్ ఏఎఫ్‌నెట్ 4 అధ్యయనంలో లయని త్వరగా సరిచేస్తే మంచిదని తేలింది కదా అని. నిజమే. ఏఎఫ్ కనబడిన ఏడాదిలోపు లయ చికిత్స మొదలుపెట్టినవాళ్లలో గుండె మరణాలు, పక్షవాతం, గుండె నీరసపడో గుండెపోటు లాంటిది వచ్చో ఆస్పత్రిలో చేరాల్సి రావడం అన్నీ కలిపి ఐదో వంతు తగ్గాయి. కానీ అందులో నూటికి తొంభై మంది దాకా గడ్డ కట్టకుండా వేసే మందు కూడా వేసుకుంటూనే ఉన్నారు. ఆ లాభం దాని బదులు వచ్చింది కాదు, దాని పైన వచ్చింది.

ఆస్పిరిన్ సంగతి. గుండెపోటు తెచ్చే గడ్డ వేగంగా పారే రక్తనాళంలో, ప్లేట్‌లెట్లు అతుక్కుని మొదలవుతుంది. ఆస్పిరిన్ వాటి మీద పనిచేస్తుంది, కాబట్టి స్టెంట్ వేయించుకున్న ఆ స్నేహితుడికి అది సరైన మందే. నిలిచిన రక్తంలో కట్టే గడ్డ వేరు, దాంట్లో ముఖ్యపాత్ర ఫైబ్రిన్ అనే పోగుల్లాంటి ప్రోటీన్‌ది. వార్ఫరిన్ వాడలేని 5,599 మంది మీద 2011లో అవెరోస్ అనే అధ్యయనం చేశారు, సగం మందికి అపిక్సబాన్, సగం మందికి ఆస్పిరిన్. తేడా చాలా ఎక్కువ ఉండటంతో మధ్యలోనే ఆపేశారు. ఆస్పిరిన్ వాళ్లలో ఏడాదికి నూటికి 3.7 చొప్పున పక్షవాతాలు, గడ్డలు వస్తే అపిక్సబాన్ వాళ్లలో 1.6. నాకు కళ్లు తెరిపించింది మాత్రం రెండో అంకె: పెద్ద రక్తస్రావం ఆస్పిరిన్‌తో 1.2, అపిక్సబాన్‌తో 1.4. దాదాపు సమానం. అంటే ఆస్పిరిన్‌కి మారితే రక్తస్రావం రిస్కు అలాగే మిగిలి, కాపుదల పోతుంది.

మా ఇంట్లోనే ఇంకో కథ ఉంది, అదీ చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా తప్పుదారి పట్టొచ్చు. నోట్‌బుక్ చదివిన మా పిన్నికీ ఏఎఫే. కానీ ఆమెది చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల వచ్చింది. గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేశారు. వార్ఫరిన్ తరహా మందు ఎసిట్రామ్ వేసుకుంటుంది, నెలనెలా ఐఎన్ఆర్ చూపించుకుంటుంది, 2కీ 3కీ మధ్య ఉండాలి. పాలకూర, తోటకూర ఒక వారం రోజూ తిని ఇంకో వారం మానేస్తే అంకె ఎగుడుదిగుడవుతుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలని చెప్పారు. నాన్న మందుకి ఈ పరీక్షా లేదు, పథ్యమూ లేదు. దాంతో 'బావగారి మాత్రే నాకూ ఇప్పించు అమ్మాయ్' అని పోరు పెట్టింది. దానికి తోడు పక్కింటావిడ 'నువ్వు తినేది ఎలుకల మందటగా' అని భయపెట్టింది.

అది మరీ అబద్ధమేం కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రైతుల పశువులు పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిని రక్తం గడ్డకట్టక చచ్చిపోతుంటే, 1933లో ఒక రైతు చచ్చిన ఆవునీ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునీ తీసుకుని అక్కడి యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ ల్యాబుకి వెళ్లాడు. ఆ వెతుకులాటలోంచి వచ్చినదే వార్ఫరిన్. మొదట 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకి అనుమతి వచ్చింది. ఎసిట్రామ్ దానికి పినతల్లి బిడ్డలాంటిది.

పిన్ని డాక్టరు మాత్రం మందు మార్చనన్నారు. కారణం ఇన్విక్టస్ అనే అధ్యయనం. కొత్త మందుల పెద్ద ట్రయల్స్‌లో బాగా సన్నబడ్డ మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లని అసలు తీసుకోలేదు. ఆ లోటు తీర్చడానికి ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో కీళ్ల జ్వరం గుండెజబ్బుతోపాటు ఏఎఫ్ ఉన్న నాలుగున్నర వేల మందిని పైగా తీసుకుని, సగం మందికి అపిక్సబాన్‌లాంటి కొత్త మందు రివరోక్సబాన్, సగం మందికి వార్ఫరిన్ తరహా పాత మందు ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి, దాన్ని నడిపించినవాళ్లలో అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న డాక్టర్ గణేశన్ కార్తికేయన్ ఒకరు. అందరూ కొత్తది గెలుస్తుందనుకుంటే పాతది గెలిచింది. దాన్ని వాడినవాళ్లలో మరణాలు తక్కువ, రక్తస్రావం ఎక్కువేమీ కాలేదు. ఇది మన దేశానికి చాలా ముఖ్యమైన ఫలితం, మన దగ్గర ఇలాంటి వాల్వు జబ్బు ఇంకా ఉంది కాబట్టి. లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకీ పాత మందే. అందుకని అమ్మగారి టూడీ ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో మైట్రల్ స్టెనోసిస్ (మైట్రల్ వాల్వు సన్నబడటం) అని ఎక్కడైనా ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే ప్రశ్నే మారిపోతుంది.

అబ్లేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఏఎఫ్‌ని రేపే సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరల నుంచి వస్తాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్దో డాక్టర్లు చూపించారు. ఆ సిరల మొదళ్ల చుట్టూ కాల్చో, అతిచల్లదనంతో చంపో దారి మూసేయడమే అబ్లేషన్. దడకి బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా కనీసం రెండు మూడు నెలలు రక్తం పలచబడే మందు తప్పనిసరి, ఆపైన మనిషి రిస్కుని బట్టి. 2025లో కొరియాలో 840 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో, అబ్లేషన్ అయ్యాక ఏడాదికి పైగా ఏఎఫ్ తిరిగి రానివాళ్లలో మందు ఆపినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అంటే ఈ తలుపు కొంచెం తెరుచుకుంటోంది. కానీ అమ్మగారికి అబ్లేషనే కాలేదు, మందులతోనే లయ వచ్చింది, జబ్బు బయటపడి ఆర్నెల్లే అయింది. ఆ ఫలితం పట్టుకుని ఇప్పుడు ఆపడానికి లేదు.

ఏఎఫ్‌లో పక్షవాతం రిస్కు లెక్క మీరే వేసుకోవచ్చు: గుండె నీరసపడటం 1, బీపీ 1, షుగరు 1, రక్తనాళాల జబ్బు 1, 65 నుంచి 74 ఏళ్లయితే 1, 75 నిండితే 2, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే 2. ఆడవాళ్లకి ఇంకో 1 కలిపేవారు, 2024లో యూరప్ గుండె వైద్యుల సంఘం దాన్ని తీసేసింది. అది లేకుండానే అమ్మగారికి 3. 2 ఉంటే చాలు, మందు వేయమంటారు. గమనించండి, ఈ పట్టికలో 'ప్రస్తుతం లయ ఎలా ఉంది' అనే గడే లేదు. నాన్నకి ఇది చూపిస్తే చాలాసేపు చూసి, 'అప్పుడు నాకు 2, ఇప్పుడు 4' అన్నారు.

రక్తం సంగతి తేలిగ్గా తీసుకోమని కాదు. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్‌లాంటివి, ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్లు వద్దు. మోతాదు సరైనదేనా అని డాక్టర్ని అడగండి. 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే అంకె) 1.5 లేదా ఎక్కువ, ఈ మూడింట్లో రెండుంటే అపిక్సబాన్ 5 మిల్లీగ్రాముల బదులు 2.5 ఇస్తారు. ఆ రెండూ లేకుండా భయంతో సగం వేసుకోవడం కూడా ఆపేయడంలాంటిదే.

చిగుళ్లకి డెంటిస్టు దగ్గరకి వెళ్లండి, మాత్ర గురించి ముందే చెప్పండి. నాన్నని పోయిన ఏడాది తీసుకెళ్లాను. పళ్ల మొదట్లో పేరుకున్న గార చూపించి, రక్తం దీనివల్లే అన్నాడాయన. గుండె డాక్టర్ని ఫోన్లో కనుక్కుని, మాత్ర ఆపకుండానే రెండు విడతల్లో క్లీన్ చేశాడు. తర్వాత బ్రష్ ఎర్రబడలేదు. ఆ రోజు నోట్‌బుక్‌లో వంకర అక్షరాలతో 'గార' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు నాన్న.