కంపెనీలు కోట్లు ఇస్తుంటే మన చందా ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: "లినక్స్‌కు పెద్ద పెద్ద కంపెనీలే కోట్లు ఇస్తున్నాయి. అలాంటప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలకు వరంగల్‌లో చదువుకునే నాలాంటి వాడు ఏడాదికి వెయ్యో రెండు వేలో ఇస్తే ఏమన్నా తేడా ఉంటుందా? పైగా ఆ డబ్బుతో కోర్టు కేసులు వేస్తారట, అవి అవసరమా?"

సూటిగా చెప్తాను. లినక్స్ లాంటి, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాయించడానికి కంపెనీల డబ్బు బాగా పనికొస్తుంది. లైసెన్స్‌ను, అంటే ఆ కోడ్‌ను ఏ షరతుల మీద వాడుకోవాలో చెప్పే పత్రాన్ని, అమలు చేయించే పనికి మాత్రం మీలాంటి, నాలాంటి వాళ్ల చందాయే దిక్కు. లైసెన్స్‌ను ఉల్లంఘించేది ఎక్కువగా కంపెనీలే కాబట్టి, తమ మీద కేసు వేయడానికి తామే డబ్బు ఇవ్వరు. ఇది నేను పనిలో చూసి తెలుసుకున్న సంగతి.

హన్మకొండలో ఒక చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర చాలా ఏళ్లు నెట్‌వర్క్ పని చేశాను. నయీంనగర్, సుబేదారి నుంచి పరకాల, నర్సంపేట వైపు ఊళ్ల దాకా మా కనెక్షన్లు ఉండేవి. కస్టమర్ల ఇళ్లలో పెట్టే వైఫై రౌటర్లను హోల్‌సేల్‌గా తెప్పించేవాళ్లం. వాటిలో ఒక మోడల్‌లో పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకపోయినా బయటి నుంచి ఎవరైనా లోపలికి రావచ్చు. తయారు చేసిన కంపెనీ అప్పటికే ఆ మోడల్‌ను ఆపేసింది, కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇవ్వబోమంది. కానీ డబ్బాలో ఒక చిన్న కాగితం ఉండేది. ఇందులో జీపీఎల్ లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ వాడాం, సోర్స్ కోడ్ కావాలంటే రాసి అడగండి అని దాని సారాంశం. జీపీఎల్ అంటే, కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు గానీ దాన్ని ఇతరులకు ఇచ్చినప్పుడు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రూపం, కూడా ఇవ్వాలనే లైసెన్స్. లోపల నడిచేది లినక్స్ కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం), బిజీబాక్స్ (చిన్న పరికరాల్లో వాడే కమాండ్ల కట్ట). సోర్స్ వస్తే లోపాన్ని మేమే సరిచేసుకోవచ్చు కదా అని అడిగాను. జవాబు లేదు. వెంటపడితే చివరికి ఒక జిప్ ఫైల్ పంపారు. అందులో కెర్నెల్ ఉంది గానీ వైఫై చిప్ కోసం దానిలో చేసిన మార్పులు లేవు, దాన్ని కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగలిగేలా మార్చి, రౌటర్‌లోకి ఎక్కించే స్క్రిప్టులూ లేవు. దాంతో ఏమీ చేయలేం.

1991లో వచ్చిన జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది. కంపైల్ చేయడానికి, ఇన్‌స్టాల్ చేయడానికి వాడే స్క్రిప్టులు కూడా సోర్స్ కోడ్‌లో భాగమే. సోర్స్ ఇస్తామని రాసిచ్చిన మాట కనీసం మూడేళ్లు చెల్లాలి. మరి మాకు ఇవ్వలేదంటే ఎవరికి చెప్పుకోవాలి? తెలిసిన లాయర్‌ను అడిగితే ఆయన మొదట అడిగింది, ఆ కోడ్ మీద కాపీరైట్ ఎవరిదని. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచన కింద లెక్కిస్తుంది, కాబట్టి దావా వేయాల్సింది దాన్ని రాసినవాళ్లే, వాడేవాళ్లు కాదన్నాడు. కెర్నెల్ రాసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. హన్మకొండలో ఒక ప్రొవైడర్ కోసం వాళ్లలో ఎవరు వస్తారు? మా ఓనర్ "అన్నా, ఇక వదిలెయ్" అన్నాడు. హార్డ్‌వేర్ బాగానే ఉన్న రౌటర్లు సంచుల్లో కట్టి తుక్కు సామానుకు వేశాం. కొత్తవాటి ఖర్చు కస్టమర్ల బిల్లుల్లోకే వెళ్లింది.

అది ఎప్పుడూ అలాగే జరగాలని లేదు. 2003లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ విషయంలో ఇదే గొడవ వచ్చింది. లోపల లినక్స్ ఉందని జనం కనిపెట్టారు, జీపీఎల్‌ను తెచ్చిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వెంటపడింది, సోర్స్ బయటికొచ్చింది. ఆ కోడ్ మీద పుట్టిందే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా రౌటర్ సాఫ్ట్‌వేర్. ఈరోజు ఎన్నో కంపెనీల పాత రౌటర్లు దాని వల్లే ఇంకా బతికి ఉన్నాయి. ఎవరో ఒకరు కూర్చుని, ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, పంపిన కోడ్ నిజంగా కంపైల్ అవుతుందో లేదో పరీక్షిస్తేనే అది సాధ్యమైంది. ఆ "ఎవరో ఒకరి" జీతం ఎక్కడి నుంచి రావాలన్నదే మీ ప్రశ్నలో అసలు సంగతి.

ఈ పని ముందుండి చేసే సంస్థ సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, న్యూయార్క్‌లో 2006లో మొదలైంది. గిట్, సాంబా, బిజీబాక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు నీడ ఇచ్చే సేవా సంస్థ అది. 2015 మార్చిలో క్రిస్టాఫ్ హెల్విగ్ అనే కెర్నెల్ డెవలపర్ వీఎమ్‌వేర్ కంపెనీ మీద జర్మనీలోని హాంబర్గ్ కోర్టులో కేసు వేశాడు. ఖర్చు కన్సర్వెన్సీ పెట్టుకుంది. ఆ కంపెనీ తన ఈఎస్ఎక్స్ఐ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో లినక్స్ కోడ్ కలుపుకొని, జీపీఎల్ అడిగినట్టు సోర్స్ ఇవ్వడం లేదన్నది ఆరోపణ. ఆ తర్వాత ఏమైందో చూడండి. కేసు కారణంగా కొన్ని కంపెనీల నుంచి వచ్చే డబ్బు పోయిందని అదే ఏడాది చివర్లో కన్సర్వెన్సీయే బయటపెట్టింది. నేరుగా జనాన్ని అడిగింది. ఏడాదికి 120 డాలర్లు ఇచ్చేవాళ్లు 750 మంది ఉంటే సంస్థ బతుకుతుంది, 2500 మంది ఉంటే లైసెన్స్ అమలు పని కూడా సాగుతుంది అని లెక్క చెప్పింది. ఆ 2500 మంది ఇచ్చేది మొత్తం కలిపితే ఏడాదికి 3 లక్షల డాలర్లు. లినక్స్ పనికి కంపెనీలు కలిసి డబ్బు వేసే లినక్స్ ఫౌండేషన్‌లో ఒక్క ప్లాటినం సభ్యత్వానికే ఒక కంపెనీ ఏడాదికి 5 లక్షల డాలర్లు కడుతుంది. ఒక కంపెనీకి సభ్యత్వ రుసుము కన్నా తక్కువ మొత్తం కోసం ఇక్కడ వేల మందిని బతిమాలుకోవాల్సి వచ్చింది. చదివినప్పుడు నాకు మనసు కష్టమైంది, కోపమూ వచ్చింది.

కేసు గెలిచారా అంటే, కోర్టులో గెలవలేదు. 2016లో కొట్టేశారు, 2019లో అప్పీలు కూడా పోయింది. తన కోడ్ కచ్చితంగా ఎక్కడెక్కడ ఉందో హెల్విగ్ సరిగ్గా నిరూపించలేదన్నారే గానీ, లైసెన్స్ మీద అసలు ప్రశ్న జోలికి కోర్టు పోలేదు. అయినా ఆ లినక్స్ భాగాన్ని తమ ఉత్పత్తి నుంచి తీసేస్తామని వీఎమ్‌వేర్ ప్రకటించింది. ఇలాంటి పనికి ఏళ్లు పడుతుంది, గెలుపు ఖాయం కాదు, ఫొటోలకు పనికిరాదు. ఏ కంపెనీ ప్రచార విభాగం దీన్ని స్పాన్సర్ చేస్తుంది?

లినక్స్ ఫౌండేషన్‌ను తిట్టాలని ఈ మాట చెప్పలేదు. అమెరికా పన్నుల చట్టంలో అది వ్యాపార సంఘం, సభ్య కంపెనీల ప్రయోజనం చూడటమే దాని పని. కన్సర్వెన్సీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లది సేవా సంస్థల వర్గం, ప్రజల మేలు చూడాలి. అందుకే ఆ వర్గంలో ఉండటానికి డబ్బు నలుగురి నుంచీ వస్తోందని కూడా చూపించుకోవాలి. బయటి నుంచి చూస్తే రెండూ "లినక్స్ సంస్థలు" లాగే కనిపిస్తాయి. 2016 మొదట్లో లినక్స్ ఫౌండేషన్ వ్యక్తిగత సభ్యులకు బోర్డు సభ్యులను ఎన్నుకునే హక్కు తీసేసింది. కంపెనీల సంఘం అలా చేయడంలో వింత లేదు. ప్రజల తరఫున అడిగే సంస్థ అలా మారితేనే ప్రమాదం.

మన ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే రైతును అడగండి. కాంటా తనిఖీ చేసేవాడి జీతం వ్యాపారులు ఇస్తే ఆ తూకాన్ని ఆయన నమ్ముతాడా? వ్యాపారులందరూ దొంగలని కాదు, చాలామంది న్యాయంగానే తూస్తారు. తనిఖీ చేసేవాడు ఎవరికి భయపడాలో అక్కడే తేలిపోతుందని ఆయనకు తెలుసు.

మరి కేసుల్లో వచ్చే పరిహారంతోనే ఈ పని నడపకూడదా అని మీకు అనిపించవచ్చు. నాకు ఆ దారి ఇంకా ప్రమాదంగా కనిపిస్తుంది. జర్మనీలో ఒక కెర్నెల్ డెవలపర్ ఇలాగే కంపెనీలను బెదిరించి సొంతానికి డబ్బు రాబట్టాడన్న ఆరోపణలతో తోటివాళ్లే 2016లో అతన్ని, లినక్స్‌లో నెట్‌వర్క్ వడపోత చూసే భాగమైన నెట్‌ఫిల్టర్ కోర్ బృందం నుంచి సస్పెండ్ చేశారు. డబ్బే లక్ష్యమైతే సోర్స్ రావడం వెనక్కి పోతుంది, రాజీ మొత్తం ముందుకొస్తుంది. 2015లో కన్సర్వెన్సీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి ప్రకటించిన సూత్రాల్లో మొదటి మాట లైసెన్స్ పాటించేలా చేయడమే, కోర్టు ఆఖరి దారి, ఆర్థిక లాభం ముఖ్యం కాదు. అలా నిలబడాలంటే జీతాలు వేరే చోటి నుంచి రావాలి. 2020లో హామ్ రేడియో వాళ్ల సంస్థ ఒకటి కన్సర్వెన్సీకి 1,50,000 డాలర్ల గ్రాంట్ ఇచ్చింది, అలాంటివి మంచివే, కానీ ఏటా వస్తాయని నమ్మి కూర్చోలేం. మరుసటి ఏడాది అక్టోబర్‌లో కన్సర్వెన్సీ విజియో టీవీల కంపెనీ మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది. ఈసారి కాపీరైట్ ఉన్నవాళ్లుగా కాదు, టీవీ కొన్న వినియోగదారుగా. అడిగింది డబ్బు కాదు, సోర్స్ కోడ్. మా లాయర్ నాకు చెప్పిన అడ్డంకి సరిగ్గా ఇదే కదా! కొన్నవాడికి అడిగే హక్కు ఉందని ఒక కోర్టు ఒప్పుకుంటే, అది వేరే దేశపు కోర్టే అయినా, నాలాంటి వాళ్లకు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

కంపెనీల డబ్బు చేసే మేలును తక్కువ చేయను. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ప్రపంచంలో ఎన్నో సర్వర్లు సమాచారాన్ని రహస్యంగా పంపడానికి ఆధారపడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2000 డాలర్లే అని తెలిసింది. వెంటనే పెద్ద కంపెనీలు కలిసి డబ్బు వేశాయి, పూర్తికాలం డెవలపర్లు వచ్చారు. అక్కడ జనం విఫలమయ్యారు, కంపెనీలు ఆదుకున్నాయి. మనం చందాలతో ఒక పెద్ద ప్రాజెక్టు మొత్తాన్ని నడపలేం.

చిన్న స్థాయిలో నేను చూసింది కూడా ఇలాగే ఉంది. ఇక్కడ కొంతమందిమి కలిసి ప్రభుత్వ బడుల ల్యాబుల్లో లినక్స్ ఎక్కించి, తెలుగు టైపింగ్ నేర్పేవాళ్లం. ఒక కంపెనీ పాత కంప్యూటర్లు ఇచ్చింది, నిజంగా పిల్లలకు పనికొచ్చాయి. మరుసటి కార్యక్రమానికి డబ్బు ఇస్తామన్నప్పుడు మాత్రం, లైసెన్సుల మీద మేం పెట్టుకున్న క్లాస్ తీసేసి తమ క్లౌడ్ సర్టిఫికెట్ క్లాస్ పెట్టమన్నారు. బెదిరింపేమీ లేదు, మర్యాదగానే అడిగారు. గదికి అద్దె, నెట్ బిల్లు సభ్యుల నెల చందాతో వెళ్తున్నాయి కాబట్టి మర్యాదగానే కాదనగలిగాం. చందా లేకపోతే ఆ క్లాస్ ఎగిరిపోయేది, ఎవరూ గమనించేవారు కూడా కాదు.

మన దేశంలో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య ఆ జాబితాలో ఉంది కాబట్టి ల్యాబులు వస్తాయి, ట్యాబులు వస్తాయి. లైసెన్స్ అమలు ఆ జాబితాలో ఎక్కడా కనిపించదు. విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కావాలి, చిన్న సంఘాలకు అది తలకు మించిన పని. మిగిలింది లోపలి నుంచి వచ్చే చిన్న మొత్తాలే.

మీరు చదువుకుంటున్నారు కాబట్టి 120 డాలర్లు, అంటే ఇప్పుడు పది వేలకు పైనే, ఇవ్వమని చెప్పను. ముందు తెలంగాణలో పనిచేసే "స్వేచ్ఛ" అనే సంస్థ లాంటి దానికో, మీ కాలేజీ లినక్స్ గ్రూపుకో నెలకు వంద ఇవ్వండి. సంస్థకు విరాళాల మీద పన్ను మినహాయింపు కోసం ఇచ్చే 80జీ గుర్తింపు ఉంటే ఇంట్లో పన్ను కట్టేవాళ్ల పేరు మీద ఇస్తే మినహాయింపు వచ్చే వీలుంది. విదేశీ సంస్థకు పంపితే అది రాదు. ఉద్యోగం వచ్చాక కన్సర్వెన్సీ గురించి ఆలోచించండి. ప్రతి నెలా కార్డు నుంచి తీసుకునే పద్ధతి మాత్రం ఎంచుకోకండి. 2021 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆటో డెబిట్ నిబంధనలు మారాక నా కార్డు నుంచి వెళ్లేది అలాగే ఆగిపోయింది. ఏడాదికి ఒకసారి మీరే కట్టడం మేలు.

డబ్బు లేకుండా చేయగలిగేది కూడా ఉంది. ఇంట్లో రౌటర్, టీవీ, సెట్‌టాప్ బాక్స్ కొన్నప్పుడు డబ్బాలోని లైసెన్స్ కాగితం పారేయకండి. సోర్స్ అడుగుతూ మెయిల్ రాయండి, తేదీలతో సహా జవాబులన్నీ దాచిపెట్టండి. వాళ్లు పంపింది కంపైల్ చేసి చూడండి, కాకపోతే ఆ వివరాలను కన్సర్వెన్సీకి పంపండి, వాళ్లు ఫిర్యాదులు తీసుకుంటారు. నేను రాసిన మెయిల్ నమూనా కావాలంటే అడగండి, కింద పెడతాను.