పరుగు మానాలా, తోట మానాలా?

"మా తోడికోడలు పెట్టిన రన్నింగ్ గ్రూపులో నేనూ ఉన్నాను. ఆదివారం పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరుగెత్తి కమ్యూనిటీ గార్డెన్‌కు చేరతాం. కలుపు తీసి, మొక్కలు నాటి, కంపోస్టు మోసి వస్తాం. ఎప్పుడూ ఆఖరున చేరేది నేనే. 'మా చెల్లి వచ్చేలోపు తీసిన కలుపు మళ్ళీ మొలుస్తుంది' అని అక్క అంటుంది, అందరూ నవ్వుతారు. అప్పటికి మొక్కల పని అయిపోయి నాకు కంపోస్టు బకెట్లే మిగులుతాయి. నాకేమో మొక్కలంటే ప్రాణం. రెండూ కలిపి చేయడం నావల్ల కావట్లేదు. పరుగు మానాలా, తోట మానాలా? మా ఆయన 'వదినతో పెట్టుకోకు, రెండూ మానేయ్' అంటారు." ఇదీ ఒక సోదరి ఉత్తరం.

ఏదీ మానక్కర్లేదమ్మా. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత వేగంలోనే పరుగెత్తండి, ఆయాసం వస్తే నడవండి. చేరగానే బరువులు ఎత్తకండి. కాసేపు కూర్చుని నీళ్ళు తాగి, తేలిక పనితో మొదలుపెట్టండి. మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి, గ్లౌజులు వేసుకోండి. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని పదేళ్ళు దాటిందేమో చూసుకోండి. మీరడిగినదానికి జవాబు ఇంతే.

అడగనిదాని సంగతి చూద్దాం. పరుగెత్తి వెళ్ళి నలుగురికీ పనికొచ్చే పని చేసి రావడం లండన్‌లో మొదలైన గుడ్‌జిమ్ సంస్థ ఎప్పటినుంచో చేస్తున్నదే. అక్కడే 2004లో పదమూడు మందితో మొదలైన, వారం వారం పార్కుల్లో అందరూ కలిసి చేసే పార్క్‌రన్ అనే పరుగులో అయితే అందరికంటే చివర నడవడానికే ఒక వాలంటీర్ ఉంటారు. వాళ్ళ వెనక ఎవరూ ఉండకూడదు, అదే వాళ్ళ డ్యూటీ. మీ గ్రూపులో ఆ ఏర్పాటు లేదు. ఉన్నదల్లా వెనకబడినవాళ్ళ మీద జోకులు, బకెట్లు. గ్రూపు పెట్టిన మనిషికి ఈమాత్రం తెలియదనుకోను.

పెద్దకోడలన్న గౌరవం ఇవ్వాల్సిందే, ఆ విషయంలో నేను పాతకాలం మనిషినే. పండక్కీ, పెళ్ళికీ, అత్తగారి మందులకీ ఆవిడ మాట ముందుండనివ్వండి. కానీ ఆ పెద్దరికం గడప దాటి తోటదాకా రాకూడదు. అక్కడ మీరిద్దరూ ఒళ్ళొంచి పనిచేయడానికొచ్చిన వాలంటీర్లు. ఇంట్లో ఊరుకున్నట్టే అక్కడా ఊరుకుంటున్నారు కనుకే ఆవిడకు ఆ తేడా తెలియట్లేదు. మోకాళ్ళ నొప్పి అని మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అలసట కంటే అవమానమే మిమ్మల్ని ఎక్కువ బాధిస్తోందని నాకనిపిస్తోంది.

అందరి ముందూ జవాబివ్వకండి, వెనక అత్తగారికీ చెప్పకండి. అత్తగారి చెవిన పడితే అది తోట గొడవగా ఉండదు, ఎప్పటివో పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. ఇద్దరే ఉన్నప్పుడు నేరుగా చెప్పండి: "అక్కా, ఆ కలుపు జోకు నాకు నచ్చట్లేదు, ఇక అనకు. వచ్చే వారం నుంచి నారుమళ్ళ పని నేను చూసుకుంటాను, బకెట్లు వంతులవారీగా మోద్దాం." క్షమాపణ అడగకండి, నవ్వుతూ తేల్చేయకండి. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి, బతిమాలడానికి వెళ్ళకండి.

మీ ఆయన సలహా మాత్రం నాకు నచ్చలేదు. భార్య ఇష్టపడే పని మాన్పించి ఇంట్లో శాంతి కొనుక్కోవడం ఆయనకు సుఖంగానే ఉంటుంది, ఖర్చు మీది కదా. ఆయన వదినతో ఏమీ మాట్లాడనక్కర్లేదు. ఆదివారం పొద్దున ఇంటిపని ఆయన చూసుకుంటే చాలు.

అయినా ఆవిడ తీరు మారకపోతే, గ్రూపుతో పరుగెత్తకుండా ముందుగానే నడిచి తోటకు వెళ్ళండి. నారు నాటడానికి ఆవిడ అనుమతి అక్కర్లేదు, తోట చూసుకునేవాళ్ళకు చెబితే సరిపోతుంది.