సగటు ఒకటే, ఫలితం వేరు

ప్రశ్న: రెండు చోట్ల సగటు ఉష్ణోగ్రత సమానమే అయినా, ఒకచోట పురుగులు పెరిగి మరోచోట పెరగవు. కారణమేమిటి?

జవాబు: పురుగుల్లాంటి శీతల రక్త జంతువుల (చుట్టూ ఉన్న వేడిని బట్టి ఒంటి వేడి మారేవి) ఒంటికి సగటుతో పని లేదు, ఆ గంటలో ఉన్న వేడే లెక్క. 10 డిగ్రీల సెల్సియస్ దాటితేనే గుడ్డు ఎదిగే పురుగును తీసుకోండి. రోజంతా 10 డిగ్రీలే ఉంటే ఎదుగుదల సున్నా. సగం రోజు 5, సగం రోజు 15 ఉన్నా సగటు 10 డిగ్రీలే, కానీ వెచ్చని 12 గంటల్లో గుడ్డు ఎదుగుతుంది. చలి గంటల్లో ఎదుగుదల ఆగుతుందే తప్ప వెనక్కి పోదు.

వేడి ప్రాంతంలో ఇది తలకిందులవుతుంది. జీవక్రియల వేగం అనుకూల ఉష్ణోగ్రత దాకా మెల్లగా పెరిగి, దాటగానే నిటారుగా పడిపోతుంది. అక్కడ నాలుగు డిగ్రీలు తగ్గితే కాస్త మందగింపు, నాలుగు పెరిగితే ప్రొటీన్లకే దెబ్బ. చావుకన్నా ముందు సంతానం ఆగుతుంది. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే చిన్న పండ్ల ఈగల్ని 30 డిగ్రీల వద్ద పెంచితే మగవి బతుకుతాయి గానీ వంధ్యమవుతాయి. అందుకే ఎదిగిన పురుగుల్ని మాత్రమే లెక్కపెట్టి సంతతి క్షేమమనుకోవడం ప్రమాదకరం.

సముద్ర తాబేళ్లలో ఇంకో చిక్కు. గూటి వేడే పిల్లల లింగాన్ని నిర్ణయిస్తుంది, వేడెక్కువైతే ఆడవి పుడతాయి. వెచ్చని గంటల్లో పిండం ఎక్కువ ఎదుగుతుంది కాబట్టి, సగటు మారకపోయినా హెచ్చుతగ్గులు పెరిగితే ఆడపిల్లల వాటా పెరుగుతుంది.

మీరు కొలిచేటప్పుడు థర్మామీటరును జంతువు ఉండే చోటే, ఆకు కిందో మట్టిలోనో పెట్టండి. గంటకొకసారి నమోదు చేసి, ప్రతి గంటకూ ఎదుగుదల విడిగా లెక్కగట్టి ఆ తర్వాతే కలపండి. ముందే ఉష్ణోగ్రతల సగటు తీస్తే పై ఉదాహరణలోలా సున్నా వస్తుంది.